ఏస్తేరమ్మ గారి తాకట్టు గూడు

పోయిన వారం మా ఇంటికి ఒక అమ్మాయీ, ఒక అబ్బాయీ వచ్చారు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుంటున్నారట. అరసవల్లి సందుల్లో ఆటోలు తోలేవాళ్ల పిల్లల్నీ, లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్ల పిల్లల్నీ సాయంత్రాలు ఒక షెడ్డులో కూర్చోబెట్టి చదివిస్తున్నారట. నా దగ్గర పుస్తకాలు గుట్టలుగా పడి ఉన్నాయని ఎవరో చెప్పగా అడగడానికి వచ్చారు. ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు, వాళ్లు పట్టుకుపోతే మా ముందు గదిలో మనుషులు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. అట్టపెట్టెల్లో సర్దుకుంటూ ఆ అమ్మాయి మాటవరసకి అడిగింది. "పిల్లలు పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్తామంటన్నారు మేడమ్. ఎల్లినవి తిరిగి రావట్లేదు. ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు తెచ్చి పెట్టమని, పుస్తకం తెచ్చినప్పుడు అది ఇచ్చేస్తే ఎలాగుంటాదంటారు?" వద్దు అన్నాను. అంత గట్టిగా అన్నానని నాకు తెలియలేదు. చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఎందుకు వద్దో ఆ పూట చెప్పలేకపోయాను. పోయినవి పోనీ, ఇంకా ఇస్తాను లెమ్మని సర్దిచెప్పి పంపించాను. వాళ్లు వెళ్లిపోయారు గానీ ఆ మాట వెళ్లలేదు, ఈ వారమంతా నన్ను పట్టుకునే ఉంది.

మాది వంశధార ఒడ్డు. శ్రీముఖలింగం వెళ్లే బస్సు మా పేట మలుపులో ఆగీ ఆగనట్టు ఆగేది. ఊరికి పేరుంది గానీ మా పేటకి అప్పటికింకా పేరు లేదు, మిల్లు వెనక ఇళ్లు అనేవారు. మా అయ్య ఆ రైసు మిల్లులోనే బస్తాలు మోసేవాడు. సాయంత్రం మనిషి కంటే ముందు తవుడు వాసన ఇంటికి వచ్చేది. నూతి దగ్గర అమ్మ నీళ్లు తోడి పోస్తుంటే, వీపు మీద ఎక్కడ దురదో చెప్పి నా చేత గోకించుకునేవాడు. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, దాంట్లోకి ఉల్లిపాయ, దొరికిన రోజున నిప్పుల మీద కాల్చిన ఎండు చేప. మా మామ్మ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అడ్డపొగంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు ముసలమ్మలు చాలామంది అలాగే తాగేవారు. మా మామ్మ నోట్లో నిప్పు పెట్టుకునే నన్ను తిట్టేది, ఒక్క మాట కూడా తడబడేది కాదు. దీపం వెలిగేది వంటకీ తిండికీ మాత్రమే. ఆ వెలుగులో నేను పుస్తకం తీస్తే "సీకట్లో సదువేటే, కళ్లు పోతాయి" అనేది. నా కళ్ల మీద కంటే ఆవిడకి కిరసనాయిలు మీదే బెంగ.

దీపం ధారాళంగా దొరికే చోటు ఒక్కటే ఉండేది. మిల్లు దాటి రోడ్డు దిగితే బాప్టిస్టు చర్చి, దాని వెనక పెంకుటిల్లు, అందులో ఏస్తేరమ్మ గారు. మిషన్ బడిలో చాలాకాలం పంతులమ్మగా చేసి దిగిపోయిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని నడుస్తుంటే ఆ చీర చప్పుడు ముందుగా వినిపించేది. బడి వదిలాక మిల్లు వెనక పిల్లలం, చర్చి వెనక పిల్లలం అందరం ఆవిడ వసారాలో పడేవాళ్లం. బూడిదతో చేతులు తోముకుని చూపించాలి, చూపించాక గుప్పెడు ఉడికించిన ఉలవలు పెట్టేవారు, అవి తిన్నాక మళ్లీ చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాత ఎక్కాలు, లెక్కలు, చివరికి పుస్తకాలు. లోపలి గదిలో రెండు బీరువాల నిండా పుస్తకాలుండేవి. చర్చి వాళ్ల పిల్లలు చదివి ఉద్యోగాలకి పోతూ ఇచ్చినవి, మిషన్ బంగళా ఖాళీ చేసినవాళ్లు వదిలేసినవి. తలుపు తీయగానే గుప్పున కలరా ఉండల వాసన. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు చదవాలనిపిస్తుంది, మా ఇంట్లోవాళ్లకి చలికాలం దుప్పట్లు గుర్తొస్తాయి. నన్ను అక్కడికి పంపడానికి మామ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "మతంలో కలిపీసుకుంటారు" అంది. "ముందు దీన్ని ఎక్కాల్లో కలపనీ అమ్మా, మతం సంగతి తరవాత సూద్దాం" అన్నాడు మా అయ్య.

పుస్తకం ఇంటికి కావాలంటే ఏస్తేరమ్మ గారికి ఒక పద్ధతి ఉండేది. ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి తాకట్టు పెట్టాలి. పనికిరానిది కుదరదు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు వెతుక్కోవలసిన వస్తువై ఉండాలి. వసారా గోడలో దీపాల కోసం కట్టిన పెద్ద గూడు ఉండేది, అందులో పెట్టేవారు. గరిటె, నాన్నల పొగాకు సంచి, అమ్మల సవరం, అత్తాకోడళ్లు పోట్లాడుకునే తాళంచెవి, అన్నీ అందులోకి వచ్చేవి. మొదట్లో అదేదో పీనాసితనం అనుకున్నాం గానీ అసలు ఎత్తు వేరు. వస్తువు వెతుక్కుంటూ పెద్దవాళ్లు అరుచుకుంటూ వచ్చేవారు. వచ్చినవాళ్లని ఆవిడ కూర్చోమని, వాళ్ల పిల్ల చేత రెండు పేజీలు పైకి చదివించి, అది పూర్తిగా విన్నాకనే వస్తువు చేతిలో పెట్టేవారు. ఆవిడకి కావలసింది ఆ రెండు పేజీలే. మా పేటలో పిల్లల చదువు పెద్దవాళ్ల చెవిన పడింది అలాగే.

నేను మామ్మ చుట్టల డబ్బా పెట్టాను. అంతకంటే వెతుక్కునే వస్తువు మా ఇంట్లో లేదు. పుస్తకంలో నాలుగు పేజీలు కూడా తిప్పకముందే మామ్మ కొంగు బిగించి వసారాకి బయల్దేరింది. "ఏటమ్మా ఇది, సదువు సెప్తానని గుంటల సేత దొంగతనాలు సేయిస్తన్నావా?" అని అడిగింది గేటు దగ్గర నుంచే. ఏస్తేరమ్మ గారు పీట వేసి "కూకో అప్పా, నీ మనవరాలు సదువుతాది, ఇను" అన్నారు. ఆవిడ బడిలో పుస్తకం భాష మాట్లాడేవారు, మా వాళ్లతో మాత్రం మా భాషే. నేను ఒక దొంగ కథ చదివాను. దొంగ పట్టుబడే చోటికి పేజీ అయిపోయింది. మామ్మ డబ్బా తీసుకుని లేచి, మళ్లీ కూర్చుంది. "మరి ఆడేటయ్యాడే?" అని నన్ను అడిగింది. ఆ మర్నాటి నుంచి ఆవిడే డబ్బా నా చేతికిచ్చి "తాకట్టెట్టీ, నేనొస్తాను" అనేది. ఇలాంటివి తలుచుకుంటే ఆ వసారా నవ్వులతోనే నిండి ఉన్నట్టు అనిపిస్తుంది. కొంతకాలం అలాగే ఉంది కూడా.

కోతలు అయిపోయి కుప్పలు నూర్చేశాక మా వైపు పని ఉండదు. అప్పుడు మేస్త్రి వచ్చేవాడు. మేస్త్రంటే గోడలు కట్టేవాడు కాదు, కూలీలని గోదావరి దాటించి కాలువ పనులకీ ఇటుక బట్టీలకీ తోలుకుపోయేవాడు. వచ్చే ఖర్చులకని ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టేవాడు, అది పుచ్చుకున్నవాళ్లు అతను పిలిచిన రోజున కదలాలి, ఆ లెక్క తీరేదాకా తిరిగి రాకూడదు. తెల్ల చొక్కా, మెత్తని మాట, జేబులో పిల్లలకి పిప్పరమెంట్లు. అతను ఎవరినైనా తిట్టగా నేను వినలేదు. మా పేటలో అందరూ అందరినీ తిట్టేవాళ్లే కాబట్టి, తిట్టని మనిషిని చూస్తే నాకు చిన్నప్పుడే ఒళ్లు గగుర్పొడిచేది. పిప్పరమెంటు తీసుకుని, అది నోట్లో వేసుకోకుండా మిల్లు గోడ అవతలికి విసిరేసేదాన్ని.

అతను వచ్చి వెళ్లిన తర్వాత గూట్లో కొన్ని వస్తువులు కదలకుండా ఉండిపోయేవి. వాటి కోసం అరుచుకుంటూ ఎవరూ వచ్చేవారు కాదు. మొదట ఒక కొయ్య దువ్వెన. అది మాతో చదివే పోలి వాళ్ల అమ్మది. తర్వాత ఒక తాళంచెవి, తర్వాత ఎద్దు మెడలో కట్టే చిన్న గంట. ఎద్దుని అమ్మేసుకున్నా గంట అమ్మలేదు వాళ్లు, పిల్లాడు తెచ్చి తాకట్టు పెట్టాడు. తొలకరి పడితే వెళ్లినవాళ్లు తిరిగొచ్చేవారు, సగం మనుషులై వచ్చేవారు. వచ్చినవాళ్లు గూట్లో తమ వస్తువు తీసుకునేవారు. తాళంచెవి వాళ్లూ, గంట వాళ్లూ మాత్రం రాలేదు, పోలి వాళ్లైతే రెండో తొలకరికి కూడా రాలేదు. వాళ్ల పెదనాన్నని అడిగితే "ఎక్కడో ఉండుంటారు" అని తలుపేసుకున్నాడు. ఏస్తేరమ్మ గారు రోజూ పొద్దున్నే ఆ గూడు తుడిచి, ఎక్కడి వస్తువు అక్కడే పెట్టేవారు. వసారాలోకి రాగానే మేం ముందు చేతులు తోముకోవడం మానేసి గూట్లోకి చూసేవాళ్లం. నిన్న ఉన్నది ఇవాళ కూడా ఉంటే ఆ పిల్ల వచ్చిందా లేదా అని వెతుక్కునేవాళ్లం. ఆ గూటికి వీపు పెట్టి కూర్చోవడానికి మాలో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు.

నా పక్కన కూర్చునేది నీలమ్మ. తల్లి లేదు, తండ్రి అప్పలసూరి మట్టి పనివాడు. భారీ మనిషి, మాట తక్కువ. పొద్దున్నే అతనే కూతురికి జడ వేసేవాడు, అది మధ్యాహ్నానికల్లా ఊడిపోయేది, మా అమ్మ మళ్లీ వేసేది. మాలో అందరికంటే బాగా చదివేది నీలమ్మే. ఏస్తేరమ్మ గారి బీరువాలో సముద్రంలో ఉండే జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది, అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉండేది. అది నీలమ్మ సొత్తు అయిపోయింది. సముద్రం మాకు పెద్ద దూరం కాదు, అయినా మేమిద్దరం చూడలేదు. తిమింగలం మన మిల్లంత ఉంటుందని అది చెబితే, మిల్లులో ఎన్ని బస్తాలు పడతాయో అన్ని బస్తాల చేప అని నేను లెక్క వేసుకున్నాను. పెద్దయ్యాక టీచరమ్మనవుతానని చెప్పేది. ఏస్తేరమ్మ గారు నవ్వకుండా "అవుతావు, ముందు పై క్లాసుకెళ్లు" అనేవారు. ఆ ఏడు పరీక్ష రాస్తే మిషన్ వాళ్ల హాస్టల్లో సీటు వచ్చేలా చూస్తానని కూడా మాటిచ్చారు. నీలమ్మ ఆ పరీక్ష దాకా ఊళ్లో ఉండాలి, అంతే. మా అందరికీ తెలిసిన సంగతే అది.

ఆ ఏడు అప్పలసూరి కూడా మేస్త్రి దగ్గర చెయ్యి చాచాడు. బడి దారిలో నేను నీలమ్మని అడిగాను. "మీ అయ్య ఎల్తన్నాడంట గదే?" అన్నాను. "నేనెల్లను" అంది. "మరి మీ అయ్య?" "అయ్యనీ ఎల్లనివ్వను" అంది. ఆ సాయంత్రం వసారాలోకి తన కంటే పొడుగున్న పార ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. పిల్లలందరం పగలబడి నవ్వాం. ఏస్తేరమ్మ గారు "ఇదేటే?" అన్నారు. "తాకట్టు టీచరమ్మ గారూ. పెద్దోలు ఎతుక్కునే వస్తువు తెమ్మన్నారు గదా. బొమ్మల పుస్తకం ఇచ్చీండి" అంది నీలమ్మ. పట్టుకుని పట్టుకుని ఆ పార కర్ర నున్నగా మెరుస్తోంది. గూట్లో పట్టదు కనుక గూటి కింద గోడకి ఆనించారు. కూర్చున్నాక నీలమ్మ నా చెవిలో అసలు సంగతి చెప్పింది. "పార నేకపోతే కాలవ పనికి ఎవుడు రమ్మంటాడే మా అయ్యని?" ఇంతకంటే మంచి ఉపాయం లోకంలో ఉండదని నేను అప్పుడు నమ్మాను. ఏస్తేరమ్మ గారికి కూడా అర్థమయిందనే అనుకుంటున్నాను, ఎందుకంటే పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు.

మర్నాడు అప్పలసూరి వచ్చాడు. అతనొక్కడే రాలేదు, వెనక మేస్త్రి కూడా ఉన్నాడు. ఏస్తేరమ్మ గారు ఎప్పటిలాగే పీట వేశారు గానీ ఎవరూ కూర్చోలేదు. "టీచరమ్మా, పార కావాల. రేపెల్తన్నాం" అన్నాడు అప్పలసూరి నేల చూస్తూ. "పుస్తకం తెచ్చిస్తే పారిచ్చేస్తాను. ఎవులికైనా అదే పద్ధతి" అన్నారావిడ. పుస్తకం ఎక్కడుందని తండ్రి అడిగాడు. నీలమ్మ పెదవి కొరుక్కుని నిలబడింది గానీ చెప్పలేదు. ఏస్తేరమ్మ గారు గొంతు తగ్గించి, "నువ్వెల్లు నాయినా, నేను వద్దనను. పిల్లని నాకాడ ఒగ్గేసి ఎల్లు. పరీక్ష ఉన్నాది దానికి. తిండికేం లోటు సెయ్యను" అన్నారు. అప్పలసూరి తల అడ్డంగా ఊపాడు. "దాన్ని ఒగ్గీసి నేనెక్కడుంటానమ్మా? ఆల్లమ్మ పోయినకాణ్నుంచి ఒక్క పూట ఇడిసి ఉన్నేదు. నాకాడే ఉండాల" అన్నాడు. మొండితనంతో అన్న మాట కాదది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ కళ్లు నాకు గుర్తున్నాయి.

వీళ్లు మాట్లాడుకుంటున్నంతసేపూ మేస్త్రి గూడు దగ్గర నిలబడి అందులోకి చూస్తున్నాడు. చెయ్యి పెట్టి దువ్వెన తీశాడు. "ఇది పోలమ్మోలది గదా" అన్నాడు. గంట తీసి చిన్నగా మోగించి, "ఇది ఆ ఎద్దునమ్ముకున్నోలది" అన్నాడు. తాళంచెవి కూడా ఎవరిదో చెప్పాడు. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. "బాగున్నార్లే అందరూ" అని దువ్వెన యథాస్థానంలో పెట్టేశాడు. "పోలి ఎక్కడుంది బాబూ?" అని ఏస్తేరమ్మ గారు అడిగారు. "బాగున్నాదమ్మా" అన్నాడు మళ్లీ. తర్వాత అప్పలసూరి భుజం మీద చెయ్యి వేసి, "పార ఉండనీరా, పాపం టీచరమ్మ గారి పద్ధతి మనం తప్పించడమెందుకు? పారలకేటి, అక్కడ నేనిస్తాను" అన్నాడు. నీలమ్మ మొహం అప్పుడు చూశాను. పార ఇంకొకటి ఉంటుందని దానికి తట్టలేదు, నాకూ తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం బడిలో ఉండగా అప్పలసూరి తలుపు దగ్గరికి వచ్చి కూతుర్ని పిలిచాడు. మాస్టారు ఎందుకని కూడా అడగలేదు, ఆ రోజుల్లో అలా పిల్లలు లేచి వెళ్లిపోవడం మామూలే. నీలమ్మ పలక నా ఒళ్లో పెట్టింది. "పుస్తకం నాకాడే ఉన్నాది. నేనొచ్చిందాకా పార ఎవులికీ ఇయ్యొద్దని సెప్పు" అంది. ఊడిపోయిన జడతో, తండ్రి వేలు పట్టుకుని మిల్లు మలుపు తిరిగింది. దాన్ని నేను చూడటం అదే ఆఖరు.

వేసవంతా ఆ పార గూటి కింద ఉంది. ఏస్తేరమ్మ గారు దానికి తుప్పు పట్టకుండా ఆముదం రాసేవారు. పరీక్ష వచ్చి వెళ్లిపోయింది. తొలకరి పడింది, వెళ్లినవాళ్లు ఒక్కో ఇల్లూ తలుపు తెరుచుకున్నారు, అప్పలసూరి ఇల్లు తెరుచుకోలేదు. అదే కాలువ మీద పని చేసి వచ్చినవాణ్ని మా అయ్య అడిగాడు. "ఆల లెక్క తేల్నేదంట" అన్నాడు తప్ప, నీలమ్మ ఎలా ఉందంటే మాట మార్చేశాడు. మా అయ్య వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు ఏస్తేరమ్మ గారు పిల్లలకి ఉలవలు పెడుతున్నారు. గిన్నె కింద పెట్టి, "నాతో వస్తావా నాయినా? నా వస్తువు ఆల కాడున్నాది, ఆల వస్తువు నాకాడున్నాది" అన్నారు. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కారు, ఆవిడ గొడుగుతో, మా అయ్య భుజం మీద పారతో. టికెట్లు చూసేవాడు ఈ ముసలావిడ ఏ పనికి వెళుతోందని నవ్వితే, "పుస్తకం తెచ్చుకోడానికి" అన్నారట. ఆ సాకు పట్టుకుని పిల్లని తెచ్చేయాలని ఆవిడ ఆలోచన. ఆ పద్ధతి మీద అంత నమ్మకం ఆవిడకి, దాన్ని ఎదిరించినవాళ్లు అప్పటిదాకా మా పేటలో లేరు మరి.

పార లేకుండా తిరిగొచ్చారు, నీలమ్మ లేకుండా తిరిగొచ్చారు. ఆ సాయంత్రమే ఏస్తేరమ్మ గారు గూడు ఖాళీ చేసేశారు. దువ్వెన పోలి పెదనాన్నకీ, తాళంచెవి, గంట వాళ్ల వాళ్ల బంధువులకీ స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. బీరువాల తాళాలు తీసి పారేశారు. ఎవరికి ఏది కావాలంటే అది పట్టుకుపొమ్మన్నారు, తెస్తే తెమ్మన్నారు, లేకపోతే లేదు. చాలా పుస్తకాలు పోయాయి. నేను హైస్కూలుకి వెళ్లే నాటికి ఒక బీరువాలో కలరా ఉండలు మాత్రమే మిగిలాయి. ఉన్నన్నాళ్లూ ఆవిడ విశాఖపట్నం, రాజమండ్రి, బెజవాడ చర్చిలకి కబురు చేస్తూనే ఉన్నారు, ఇలాంటి పిల్ల ఎవరింట్లోనైనా కనబడిందా అని. సెలవులు వస్తే తనే బయల్దేరి వెళ్లేవారు. ఆ మేస్త్రి మరి మా పేటకి రాలేదు. మరో ఏడాది ఇంకొకడు వచ్చాడు, అతనిదీ తెల్ల చొక్కాయే.

ఇప్పుడన్నీ మారాయంటారు, మారాయి కూడా. ఆ రోజుల్లో ఆకలికి తాగిన చోడి అంబలిని ఇప్పుడు పొద్దున్నే నడిచేవాళ్లకి గ్లాసుల్లో అమ్ముతున్నారు, నేనూ కొనుక్కుని తాగుతాను. అడ్డపొగ తాగే మామ్మలు అరుదైపోయారు. ఆ పిల్లల షెడ్డులో ట్యూబులైట్లున్నాయట, ఫ్యానుందట, పుస్తకాలకైతే కొదవే లేదు, జనం ఇళ్లు ఖాళీ చేసుకోవడానికి సంచుల్లో పోసి ఇస్తున్నారు. మేస్త్రులు పిప్పరమెంట్లు జేబులో వేసుకుని పేటలో తిరగక్కర్లేదు, ఫోను చేస్తే చాలు, చెన్నై రైలు మన స్టేషన్లలోనే నిండిపోతుంది. ఆ అమ్మాయి నాతో అన్నదేమిటి? ఎల్లినవి తిరిగి రావట్లేదు అంది. పుస్తకాల గురించి అంది. నేనూ పుస్తకాల గురించే జవాబు చెప్పాను, నా తెలివి అంతవరకే. పుస్తకం తీసుకెళ్లిన పిల్ల మర్నాడు షెడ్డుకి వచ్చిందా అని నేను అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. ఫోను చేసి అడగాలని రోజూ అనుకుంటున్నాను, ఏం వినవలసి వస్తుందో అని చెయ్యి ఆడటం లేదు. ఈ భయం ఏళ్లు గడిచినా కొంచెం కూడా అరగలేదు నాలో.

మా అయ్య చాలా మాటకారి, ఏ సంగతైనా నవ్వించకుండా చెప్పలేడు. ఆ ప్రయాణం సంగతి మాత్రం మా అమ్మకి ఒకే ఒక్కసారి చెప్పాడు, తిరిగొచ్చిన రోజు, నూతి గట్టు మీద కూర్చుని. నేను వీపు గోకడానికి నిలబడి విన్నాను. కాలువ గట్టు మీద వానలో తాటాకు పాకలు వేసుకుని ఉన్నారట వాళ్లు. అప్పలసూరి సగానికి సగం అయిపోయాడట. నీలమ్మ ఏదని ఏస్తేరమ్మ గారు అడిగితే, "నా పార నేదు గదమ్మా. మేస్త్రి బాబు పారిచ్చినాడు, ఊరికినే ఇస్తాడేటి? అది నా లెక్కలో ఏసినాడు. అది తీరే దారి నేక పిల్లని ఎవులింట్లోనో పనికెట్టించినాడు. మంచోలేనంట" అన్నాడట. ఏ ఊరని అడిగితే "పెద్దూరేనంట" అన్నాడట. ఏస్తేరమ్మ గారు ఆ తెల్ల చీరతోనే బురదలో కూలబడిపోయారట. అప్పలసూరి ఆవిడ మొహం చూసి కంగారుపడి, పుస్తకం కోసమే ఇంత దూరం వచ్చారనుకుని, పాకలోకి పరిగెత్తి గోనెగుడ్డలో చుట్టినది పట్టుకొచ్చాడట. "ఎల్లినప్పుడు మరీ మరీ సెప్పిందమ్మా, టీచరమ్మగారొత్తే ఇది ఇచ్చీ, అప్పుడు పారిస్తారు అని" అంటూ రెండు చేతులతో అందించాడట. "వానకి కుసింత తడిసిపోనాది, ఏటనుకోకండమ్మా" అన్నాడట.